పాడింది మనూళ్లో... దాచింది బీరువాలో!

పరిశోధన గ్రంథాలు అందరికీ తెరచి ఉంచాలని 2009లోనే నిబంధన - పల్లెలకు మాత్రం కబురు అందలేదు

వేములవాడ: మల్లన్న కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా గొంతు తగ్గని మనిషి ఆయన. వేములవాడకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లె ఆయనది. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఎవరింట మల్లన్న పట్నం వేసినా, ఎక్కడ బీరప్ప పండుగ చేసినా ఆయన డోలు మోగాల్సిందే. 2016లో కన్నుమూశారు. పేరు వేయవద్దని ఇంట్లోవాళ్లు కోరారు. కనుక ఈ కథనంలో ఆయన్ని 'పెద్ద ఒగ్గు' అనే పిలుద్దాం. బతికి ఉండగా ఊరు పిలిచిన పేరూ అదే.

2005 చలికాలంలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక యువకుడు టేపు రికార్డరు సంచిలో పెట్టుకొని ఆ ఊరు వచ్చాడు. ఒగ్గు కథ మీద పిహెచ్.డి. చేస్తున్నానన్నాడు. పెద్ద ఒగ్గు ఇంట్లోనే పదకొండు రోజులు ఉన్నాడు. వాళ్లు పెట్టిందే తిన్నాడు. పగలు గొర్ల దొడ్డి పక్కన, రాత్రి అరుగు మీద కథ సాగింది. మల్లన్న పుట్టుక, గొల్ల కేతమ్మ, మేడలమ్మ పెండ్లి అన్నీ టేపుల్లోకి ఎక్కాయి. వెళ్లేనాడు ఆ యువకుడు ఒక ధోవతి, ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టాడు. పుస్తకం అయ్యాక ఒక కాపీ తెచ్చి ఇస్తానన్నాడు.

"మా అయ్య పదకొండు దినాలు పాడిండు. ఆ సారు టేపులు నింపుకొని పోయిండు. మళ్ల రాలే. పుస్తకం వస్తది, పుస్తకం వస్తదని మా అయ్య సచ్చేదాక సూసిండు" అని పెద్ద ఒగ్గు కొడుకు ఈ విలేకరితో అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. మామూలుగానే అన్నారు.

ఇలాంటి కథ ఈ ఒక్క ఊరిదే అనుకోవడానికి లేదు. మన ఊళ్లకు వచ్చి బతుకమ్మ పాటలు రాసుకున్నవాళ్లు, చెరువుల లెక్క తీసుకున్నవాళ్లు, సిరిసిల్ల సాంచెల మీద కూలీ ఎంతని అడిగినవాళ్లు ఎంతమందో. వాళ్లు రాసింది చివరికి ఎక్కడికి పోతుంది? దాన్ని మనం చూడవచ్చా? ఈ ప్రశ్న పట్టుకొని ఈ విలేకరి కొంతకాలంగా తిరిగాడు. తెలిసిన సంగతులు పాఠకుల ముందు పెడుతున్నాడు.

సూది వేయని డాక్టరు

పిహెచ్.డి. పట్టా పొందినవారు పేరు ముందు డాక్టరు అని రాసుకుంటారు. జ్వరానికి సూది వేయరు. ఒక విషయం తీసుకొని కొన్నేళ్లు శోధించి, అంతకు ముందు ఎవరూ చెప్పని సంగతి చెప్పినందుకు ఇచ్చే పట్టా అది. శోధించినదంతా ఒక గ్రంథంగా రాసి విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. దాన్నే థీసిస్ అనీ, తెలుగులో సిద్ధాంత గ్రంథం అనీ అంటారు. నల్లటి అట్ట వేసి, బంగారు రంగు అక్షరాలు అద్దిస్తారు. బయటి విశ్వవిద్యాలయాల ఆచార్యులకు కాపీలు పంపుతారు. వాళ్లు బాగుందంటే వైవా అనే మౌఖిక పరీక్ష పెడతారు. అది కూడా గడిస్తే పట్టా.

ఆ వైవాను మూసిన గదిలో పెట్టకూడదు. శాఖలోని ఆచార్యులు, తోటి పరిశోధకులు, ఆసక్తి ఉన్న నిపుణులు వచ్చి వినవచ్చని 2016 నాటి యు.జి.సి. నిబంధనల్లో ఉంది. ఒగ్గు కథ మీద వైవా జరిగినప్పుడు ఒగ్గు కథ చెప్పే మనిషికంటే నిపుణుడు ఎవరుంటారు? అయినా అలాంటివారికి కార్డు ముక్క రాసి పిలిచినట్టు ఈ విలేకరి ఎక్కడా వినలేదు.

పట్టా చేతికి వచ్చాక గ్రంథం సంగతి ఏమిటి? పూర్వం దానికి రెండే దారులు. అదృష్టం ఉంటే అచ్చయి పుస్తకంగా బజారుకు వచ్చేది. లేకుంటే లైబ్రరీ బీరువాలోకి చేరేది.

అచ్చయినవాటికి మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. మన హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డి గారు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి 1962లో డాక్టరేటు పొందారు. ఆధునిక తెలుగు కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద రాసిన ఆ గ్రంథం తర్వాత పుస్తకంగా వచ్చింది. తరతరాల తెలుగు ఎం.ఏ. విద్యార్థులు దాన్నే చదువుకున్నారు. అంతకు ముందే పక్కనున్న వరంగల్ ప్రాంతం దేవనూరువారు బిరుదురాజు రామరాజు గారు పల్లె పాటల మీద ఉస్మానియాలోనే డాక్టరేటు చేశారు. జానపద గేయాలు కూడా పరిశోధనకు తగినవేనా అని పెద్దలు సందేహించే రోజులవి. ఆ గ్రంథం 1958లో అచ్చయింది. అచ్చయింది కాబట్టే ఈనాటికీ దాని పేరు చెప్పుకుంటున్నాం.

అచ్చుకు నోచుకోనివి వీటికి ఎన్నో రెట్లు. పెద్ద ఒగ్గు పాడింది ఈ రెండో దారిన పోయింది.

బీరువా ముందు రెండు రోజులు

పెద్ద ఒగ్గు పోయిన మరుసటి ఏడాది, అంటే 2017 ఎండాకాలంలో, ఆయన కొడుకు ఈ విలేకరిని పిలిచి, "పేపరోనివి గదా తమ్మీ, జర ఆ పుస్తకం ఏడున్నదో సూడు" అన్నారు. ఇంటర్‌తో చదువు ఆగిన ఈ విలేకరికి విశ్వవిద్యాలయం గేటు దాటడం అదే మొదలు. ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అనవసరం.

లైబ్రరీ కౌంటరులో ఉన్నాయన అద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఏం కావాలె? నువ్వు స్టూడెంటువా?" అని అడిగారు. కాదు, విలేకరినన్నాను. "అయితే కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర ఉత్తరం తెచ్చుకో. బయటోళ్లకు థీసిస్ ఇయ్యం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. నియమం అలా ఉంది. తెలిసిన లెక్చరరు ద్వారా ఉత్తరం సంపాదించి, వారం తర్వాత మళ్లీ బస్సెక్కవలసి వచ్చింది.

ఈసారి బీరువా తెరిచారు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, 2008 సంవత్సరం. నాలుగు వందల పేజీల పైమాటే. లోపల చదివినవాళ్లు సంతకం పెట్టే చీటీ ఒకటి అతికించి ఉంది. తొమ్మిదేళ్లలో రెండు సంతకాలు! మూడోది ఈ విలేకరిది.

జిరాక్సు తీయనివ్వరు. కెమెరా కూడదు. చేతితో రాసుకోవచ్చన్నారు. రెండు రోజులు కూర్చుని మేడలమ్మ పెండ్లి ఘట్టం ఆరు పేజీలు రాసేసరికి వేళ్లు వాచాయి. రెండో రోజు సాయంత్రం ఆఖరి బస్సు కూడా తప్పిపోయింది. ఆ ఆరు పేజీలు తెచ్చి ఇస్తే పెద్ద ఒగ్గు కొడుకు వాటిని మల్లన్న పటం వెనక దాచారు. ఆయనకు చదువు రాదు.

గెజిట్‌లో ఏముంది?

అసలు విచిత్రం ఇక్కడే ఉంది. ఈ విలేకరి వేళ్లు వాచేలా రాసుకుంటున్న ఆ రోజుకే, థీసిస్‌లు అందరికీ తెరచి ఉంచాలన్న నిబంధన దేశంలో అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్లయింది.

విశ్వవిద్యాలయాల మీద పెద్ద దిక్కుగా ఢిల్లీలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి. ఉంది. పిహెచ్.డి. ఎలా ఇవ్వాలో చెబుతూ అది 2009 జులైలో గెజిట్‌లో నిబంధనలు ప్రకటించింది. పట్టా ప్రకటించిన 30 రోజుల్లోగా గ్రంథం కంప్యూటరు ప్రతిని యు.జి.సి.కి పంపాలని అందులో ఉంది. 2016లో దీన్ని ఇంకాస్త బిగించారు. పట్టా ప్రకటించడానికి ముందే కంప్యూటరు ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రానికి చేర్చాలన్నారు. ముందు ప్రతి ఇవ్వు, తర్వాతే పట్టా అన్నమాట. మన బాకీ వసూళ్ల పద్ధతే! 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఈ షరతు అలాగే ఉంది.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కంప్యూటర్లతో కలపడానికి యు.జి.సి. పెట్టిన సంస్థ ఇది. థీసిస్‌ల కోసం అది నడుపుతున్న భాండాగారం పేరు శోధ్‌గంగ. శోధ్ అంటే హిందీలో పరిశోధన. అన్ని ఏర్లూ గంగలో కలిసినట్టు అన్ని విశ్వవిద్యాలయాల పరిశోధనలూ ఒకచోట చేరాలని ఆ పేరు పెట్టారు. ఇప్పటికి అందులో చేరిన గ్రంథాలు ఐదు లక్షలు దాటాయి. చూడటానికి రుసుము లేదు. ప్రిన్సిపాల్ ఉత్తరం అక్కర్లేదు. ఇంటర్‌నెట్ ఉన్న సెల్‌ఫోన్ చాలు.

2009కి ముందు బీరువాల్లో చేరినవాటి మాటేమిటి? వాటికి ఆ నిబంధన వర్తించదు. అయితే పాతవాటిని కూడా స్కాన్ చేసి ఎక్కించడానికి విశ్వవిద్యాలయాలకు యు.జి.సి., ఇన్‌ఫ్లిబ్‌నెట్ కొంత ధన సహాయం ఇచ్చాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు శ్రద్ధగా ఆ పని చేశాయి. కొన్ని చేస్తూనే ఉన్నాయి. కొన్నింటిలో బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుకుతున్నారనుకోవాలి.

దొంగలకు దెబ్బ

తెరచి ఉంచడం వల్ల ఇంకో మేలు జరిగింది. పూర్వం ఒక విశ్వవిద్యాలయం బీరువాలోని గ్రంథాన్ని ఎత్తి రాసి, ఇంకో విశ్వవిద్యాలయంలో పట్టా సంపాదించినా అడిగేవాళ్లు లేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలే లేదు. ఇప్పుడు కంప్యూటరే పోల్చి చెబుతుంది.

దీనిమీద యు.జి.సి. 2018లో విడిగా నిబంధనలు చేసింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోగా సరిచేసి తేవాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఇంగ్లీషు రాతల్లో పోలికలు పట్టినంత సులువుగా తెలుగు రాతల్లో పట్టడం కంప్యూటరుకు సాధ్యం కావడం లేదు. కారణం కింద చెబుతాను.

రాసినవాళ్ల భయాలు

ఇంత వరకు విన్న పాఠకులకు, అన్నీ తెరిచి పెట్టడమే న్యాయం కదా అనిపిస్తుంది. ఈ విలేకరికీ అలాగే అనిపించింది. సిరిసిల్ల సాంచెల కార్మికుల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థినితో మాట్లాడాక అది అంత తేలిక కాదని తెలిసింది.

ఆమె నాలుగేళ్లుగా సాంచెల మధ్య తిరుగుతున్నారు. ఏ ఆసామి దగ్గర ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి ఇంట్లో ఎవరు తాగుడుకు బానిసయ్యారు, ఏ ఇంట్లో అప్పుల బాధతో చావు జరిగింది - ఇవన్నీ ఆమె నోటు పుస్తకాల్లో ఉన్నాయి. "నన్ను నమ్మి చెప్పారండీ. థీసిస్ బీరువాలో ఉండే రోజుల్లో అయితే పేరు రాసినా ఊరికి తెలిసేది కాదు. ఇప్పుడు పక్కింటి కుర్రాడు ఫోన్‌లో చదివేస్తాడు. రేపు ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం వస్తే?" అని ఆమె అడిగారు. అందుకని పేర్లు, వాడల పేర్లు మార్చి రాస్తున్నారట. తెరిచిన తలుపులోంచి మన ఇల్లు కూడా కనిపిస్తుందన్న సంగతి అప్పటిదాకా ఈ విలేకరికి తట్టలేదు. పరిశోధకులు మన గడపకు వచ్చినప్పుడు, నా పేరు రాస్తావా, మారుస్తావా అని ముందే అడగడం మంచిది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఆమెకు రెండో భయం కూడా ఉంది. తన గ్రంథం వెంటనే అందరికీ అందితే, దాన్ని పుస్తకంగా వేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రారేమోనని. ఊరికే దొరికేదాన్ని డబ్బు పెట్టి ఎవరు కొంటారు?

ఈ భయం మన దేశంలోనే పుట్టింది కాదు. బయటి దేశాల్లో సంగతి వాకబు చేస్తే ఒక్కో చోట ఒక్కో తీరు కనిపించింది. అమెరికాలో 1930ల చివరి నుంచి మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఒక కంపెనీ విశ్వవిద్యాలయాల థీసిస్‌లను చిన్న ఫిల్ముల మీదికి ఎక్కించి, కావలసినవారికి అమ్ముతూ వచ్చింది. కంప్యూటర్లు వచ్చాక విశ్వవిద్యాలయాలు తామే అందరికీ తెరిచి పెట్టసాగాయి. అప్పుడు అక్కడి చరిత్ర పరిశోధకులు గగ్గోలు పెట్టారు. థీసిస్‌ను పుస్తకంగా వేస్తేనే తమకు పక్కా ఉద్యోగమని, ఇలా చేస్తే తమ నోట మట్టి కొట్టినట్టేనని అన్నారు. 2013లో అమెరికా చరిత్రకారుల సంఘం వారి పక్షాన నిలిచింది. కోరిన విద్యార్థి గ్రంథాన్ని ఆరేళ్ల దాకా ఇంటర్‌నెట్‌లో పెట్టకుండా ఆపే వీలు కల్పించాలని విశ్వవిద్యాలయాలను కోరింది. జ్ఞానాన్ని దాచిపెట్టమంటారా అని ఎదురు వాదించినవారూ తక్కువేం లేరు. ఆరేళ్లలో పాతబడిపోతే ఇక ఎవరికి పనికొస్తుందని వారి ప్రశ్న.

జర్మనీలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ గ్రంథాన్ని ప్రచురించి, లైబ్రరీకి ప్రతులు చేర్చేదాకా పేరు ముందు డాక్టరు అని పెట్టుకోవడానికే వీల్లేదు.

స్వీడన్ దేశం పద్ధతి వింటే మనవాళ్లకు నవ్వొస్తుంది, నచ్చుతుంది కూడా. అక్కడ బహిరంగ పరీక్షకు కనీసం మూడు వారాల ముందు థీసిస్‌ను మేకు కొట్టి విశ్వవిద్యాలయంలో వేలాడదీస్తారు. మన గ్రామ పంచాయతీ గోడకు వేలం నోటీసు అంటించినట్టే! ఎవరైనా చదవవచ్చు. పరీక్ష రోజున లేచి అడగవచ్చు. ఇప్పుడు కంప్యూటరులో కూడా పెడుతున్నా, మేకు కొట్టే ఆచారం మాత్రం వదలలేదు.

మన దేశంలో గ్రంథం మీద హక్కు రాసిన విద్యార్థిదే. శోధ్‌గంగలో పెట్టడానికి సమ్మతి పత్రం మీద సంతకం చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. తర్వాత పుస్తకంగా వేసుకోవచ్చు. పేటెంటు వంటి కారణం ఉంటే కొంతకాలం ఆపమని కోరే వీలూ ఉంది. ఈ సంగతి ఆ విద్యార్థినికి ఈ విలేకరి చెప్పబోతే, "తెలుసండీ, భయం చట్టం గురించి కాదు, ప్రచురణకర్త గురించి" అని నవ్వేశారు.

ఒక 'జి'నా, రెండు 'జి'లా?

మళ్లీ మన ఊరికి వద్దాం. పెద్ద ఒగ్గు మనవడు సిరిసిల్లలో డిగ్రీ చదువుతున్నాడు. 2024లో ఒక రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే తాత మీది గ్రంథం శోధ్‌గంగలో కనబడింది! ఈ విలేకరి చేతితో రాసుకొచ్చిన ఏడేళ్లలో ఎప్పుడో ఆ విశ్వవిద్యాలయం పాతవాటిని స్కాన్ చేసి ఎక్కించింది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకు మాత్రం ఏం తెలుసు?

"అంత అల్కగ దొరకలేదన్నా" అన్నాడు కుర్రాడు. తెలుగులో ఒగ్గు కథ అని కొడితే ఏమీ రాలేదట. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక 'జి' పెట్టి వెతికాడు. దొరకలేదు. రెండు 'జి'లు పెట్టి, కథ అన్నదాన్ని 'హెచ్' లేకుండా రాస్తే దొరికింది.

దీనికి కారణం ఉంది. తెలుగు గ్రంథాల పేర్లను చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు రాశారు. పైగా లోపలి పేజీలు చాలా వరకు ఫోటోల్లాంటివి. కంప్యూటరుకు అది బొమ్మే గాని అక్షరం కాదు. డి.టి.పి. సెంటర్లలో వాడిన పాత అచ్చుల పద్ధతి ఇప్పటి ఫోన్లలోని తెలుగుకు పొసగదు. దొంగ రాతలు తెలుగులో సులువుగా దొరకకపోవడానికీ ఇదే కారణం. కనుక వెతికేవారు ఒకసారి దొరకలేదని వదిలిపెట్టవద్దు. ఊరి పేరుతో, మండలం పేరుతో, విశ్వవిద్యాలయం పేరుతో, స్పెల్లింగులు మార్చి మార్చి చూడాలి. దొరికాక మొత్తం గ్రంథం ఒక్కసారే రాదు. ముఖపత్రం, ధ్రువపత్రం, ఒక్కో అధ్యాయం విడివిడిగా ఉంటాయి. మనకు కావలసింది తరచు చివరి అనుబంధంలో ఉంటుంది. పాడినవాళ్ల పేర్లు, పాటలు అక్కడే వేస్తారు. ఫోన్ వాడటం రానివారు కాలేజీలో చదివే పిల్లలను అడిగితే పది నిమిషాల పని.

ఆ రాత్రి మనవడు అనుబంధం తెరిచి నానమ్మకు చదివి వినిపించాడు. ఈ విలేకరి మరునాడు వెళ్లేసరికి ఇంట్లో సందడిగా ఉంది. మొదట పాడినవారి పట్టిక చూశారట. పెద్ద ఒగ్గు ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. 2005లో ఆయన వయసు 58. గ్రంథంలో 85 అని ఉంది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "గంత ముసలోన్ని చేసుకున్ననా నేను?" అని నవ్వింది.

తర్వాత మేడలమ్మ పెండ్లి చదువుతుంటే రెండు చోట్ల ఆపింది. "గీడ మీ తాత గట్ల అనడు. డోలు ఆగినంక అంటడు" అని సరిదిద్దింది. ఆమె ఎన్నడూ కథ చెప్పలేదు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని విన్నది. గ్రంథంలో డోలు ఎక్కడ ఆగుతుందో రాయలేదు. తప్పులు దిద్దించవచ్చా అని ఈ విలేకరి ఒక ఆచార్యుణ్ణి అడిగితే, పట్టా ఇచ్చాక గ్రంథంలో అక్షరం కూడా కదపరని చెప్పారు. పెద్ద ఒగ్గు వయసు శోధ్‌గంగలో ఎప్పటికీ 85గానే ఉంటుంది.

అయినా ఆ ఇంటికి ఇది చిన్న విషయం కాదు. తాత చనిపోయేనాటికి మనవడు స్కూలు పిల్లవాడు. మల్లన్న కథ సగమే వచ్చింది. మేడలమ్మ ఘట్టం అసలు రాదు. దాన్ని పూర్తిగా చెప్పగలవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదని ఊరివాళ్లు అంటున్నారు. ఇప్పుడు ఆ అరవై మూడు పేజీలూ కుర్రాడు జిరాక్సు తీయించి కుట్టించుకున్నాడు. కంఠతా పడుతున్నాడు.

పేజీలు వచ్చాయి, గొంతు రాలేదు

"మాట దొరికిందన్నా. రాగం దొరకలే" అన్నాడు కుర్రాడు. పదాలు కాగితం మీద ఉన్నాయి. తాత ఎక్కడ గొంతు ఎత్తేవాడు, ఎక్కడ వచనంలోకి దిగేవాడు, వంత ఎక్కడ అందుకునేది - ఇది కాగితం మీద లేదు. అది టేపుల్లో ఉంది. టేపులు ఎక్కడున్నాయి?

నిబంధనల్లో చూస్తే గ్రంథం గురించే ఉంది. పరిశోధకుడు ఊళ్లలో తీసిన టేపులు, ఫోటోలు, నోటు పుస్తకాలు ఎక్కడ చేర్చాలో, ఎవరు కాపాడాలో ఆ షరతులో లేదు. విశ్వవిద్యాలయం అడగదు. పరిశోధకుడి ఇంట్లో అటక మీదికి చేరతాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పోతాయి. ఈ విలేకరికి తోచినంతలో, గ్రంథం ప్రతితోపాటు గొంతుల ప్రతి కూడా తీసుకోవాలనీ, పాడిన ఇంటికి ఒక కాపీ పంపాలనీ ఒక్క వాక్యం చేర్చితే ఖర్చు పెద్దగా కాదు. పెన్ డ్రైవు ధర ఎంతని!

పాడినవాళ్లకు చట్టంలో హక్కు లేకపోలేదు. కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకులకు విడిగా హక్కు కల్పించారు. గాయకులు, నటులే కాక గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్లు కూడా ప్రదర్శకులేనని చట్టంలో పేరుపేరునా రాసి ఉంది. తర్వాతి సవరణతో ఆ హక్కు, ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది మొదలు 50 ఏళ్లయింది. ఆ లెక్కన 2005లో పెద్ద ఒగ్గు పాడినదాని మీద హక్కు 2055 చివరిదాకా ఉంటుంది. పరిశోధన కోసమే రికార్డు చేసుకుంటే తప్పు లేదని కూడా అదే చట్టం చెబుతోంది. కనుక ఆ యువకుడు తప్పు చేశాడనడానికి లేదు. ఇస్తానన్న కాపీ ఇవ్వలేదు, అంతే.

ఆ యువకుడు ఇప్పుడు వేరే జిల్లాలో లెక్చరరు. ఫోన్ నంబరు సంపాదించి మనవడే మాట్లాడాడు. పెద్ద ఒగ్గు మనవణ్ణని చెప్పగానే అవతల కాసేపు మాట రాలేదట. "పెండ్లి, ఉద్యోగం, బదిలీలు... రావాలె రావాలె అనుకుంటనే ఇరవై ఏండ్లయింది బాబూ. మీ తాత పెట్టిన గటక ఇంకా మర్చిపోలేదు" అన్నారట. ఈ విలేకరి కూడా ఫోన్‌లో పలకరించాడు. దాచుకోవాలన్న ఉద్దేశం తనకు ఎప్పుడూ లేదని, తన గ్రంథం శోధ్‌గంగలో ఉన్నట్టు తనకే తెలియదని ఆయన చెప్పారు.

పదిహేను రోజుల తర్వాత ఆయన స్వయంగా వచ్చారు. ముసలమ్మ కాళ్లకు దండం పెట్టారు. చీర పెట్టారు. సంచిలోంచి టేపులు తీసి మంచం మీద పేర్చారు. మొత్తం పద్నాలుగు ఉండాలి, తొమ్మిది ఉన్నాయి. రెండింటికి బూజు పట్టింది. ఒకదాని మీద 'మేడలమ్మ - 2' అని నీలి సిరాతో రాసి ఉంది. 'మేడలమ్మ - 1' లేదు.

వినడానికి టేపు రికార్డరు ఊళ్లో ఎవరింట్లోనూ లేదు. లెక్చరరు గారిది ఎప్పుడో పాడైపోయింది. కరీంనగర్‌లో పాత రేడియోలు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గర ఒకటి ఉంది గాని బెల్టు తెగిపోయింది. బెల్టు హైదరాబాదు నుంచి తెప్పించాలట. బూజు పట్టిన టేపులను తడి తగలకుండా బియ్యం డబ్బాలో ఉంచమని, బెల్టు వచ్చేదాకా ఎక్కడా పెట్టి తిప్పవద్దని ఆయన చెప్పి పంపాడు. ముసలమ్మ వాటిని పాత ధోవతిలో చుట్టి డబ్బాలో పెట్టింది. ఆ ధోవతి 2005లో ఇచ్చినదేనని ఆమె చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.